ఆవును తెమ్ము: బాలుర జాతిగ్రహణమును గూర్చి యొక విమర్శ

శబ్దార్థసంబంధము బాలునకు ఏవిధముగా తెలియునను ప్రశ్నకు మన శాస్త్రకారులు చూపిన దృష్టాంతము ప్రసిద్ధము. ఉత్తమవృద్ధుడు మధ్యమవృద్ధునితో 'ఆవును తెమ్ము' అనును. మధ్యముడు పోయి ఒక జంతువును తోలుకొని వచ్చును. సమీపమున నున్న బాలుడు విన్న వాక్యమును, చూచిన చేష్టను జతపరచుకొనును. మరల ఉత్తముడు 'ఆవును కట్టుము' అనును. పిమ్మట 'గుఱ్ఱమును తెమ్ము' అనును. ఒక పదము పోయి వేఱొక పదము వచ్చినప్పుడెల్ల చేష్టలో ఏభాగము మారుచున్నదో కనిపెట్టి బాలుడు 'ఆవు' అను పదమునకు ఇది యర్థమని నిశ్చయించుకొనును. దీనికే ఆవాపోద్వాపములని పేరు. వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము మొదలుగా శక్తిగ్రహోపాయములను ఎనిమిదింటిని లెక్కించినవారు సైతము వీనిలో వృద్ధవ్యవహారమునకే అగ్రస్థానమిచ్చిరి. కోశమును విప్పుటకైనను, వ్యాకరణమును చదువుటకైనను కొన్ని పదములు ముందే తెలిసియుండవలెను గదా.

ఈ దృష్టాంతమును ప్రాభాకరుల అన్వితాభిధానవాదమునకు, భాట్టుల అభిహితాన్వయవాదమునకు పీఠికగా చెప్పి విడిచిపెట్టుట మన తరగతులలో వాడుక. వాదము మొదలైన వెంటనే బాలుడు మఱపున పడును. మేమిచ్చట ఆ బాలుని విడువక ఒక ప్రశ్న వేయదలచినాము. వాడు నేర్చినది ఒక యావు పేరా, ఆవులన్నిటి పేరా? ఆనాడు తెచ్చినది కపిలవర్ణపు టావు అనుకొందము. మఱునాడు వీధిలో నల్లని యావు కనబడినచో వాడు దానినిగూడ 'ఆవు' అనునా? గేదెను చూచి ఏమనును? దృష్టాంతము దీనికి సమాధానము చెప్పదు. జాతిజ్ఞానము బాలునకు ముందే యున్నదని అది మౌనముగా అంగీకరించుచున్నది.

శాస్త్రములకు ఈ సమస్య తెలియదని మేమనుట లేదు. మహాభాష్యమున మొదటి ఆహ్నికమునందే పతంజలి 'గౌః' అనుచోట శబ్దమేదియని ప్రశ్నించి, గంగడోలు, తోక, మూపురము, గిట్టలు, కొమ్ములు గల ఆ వస్తువు శబ్దము కాదని త్రోసిపుచ్చెను. పదమునకు ఆకృతి యర్థమని వాజప్యాయనుడును, ద్రవ్యమర్థమని వ్యాడియు వాదించిరి. వ్యక్తి, ఆకృతి, జాతి అను మూడును పదార్థమేయని న్యాయసూత్రము సమన్వయించినది. ఒక ధూమమును చూచినవానికి ధూమత్వము ద్వారమున సకలధూమములును గోచరించునని నవ్యులు సామాన్యలక్షణయను ప్రత్యాసత్తిని కల్పించిరి. ఇవి యన్నియు లోతైన విచారములే. కాని ఇవి పెద్దవారి పదమునకు అర్థమేమి అను విచారములు. వీనిలో నెక్కడను బాలుని నోరు తెఱపించి అడిగినవారు లేరు. మా విమర్శ యంతయు ఈ యొక్క విషయమును గూర్చియే. శాస్త్రములోని బాలుడు వినును, చూచును, ఊహించును. ఒక్కసారియైనను మాటాడడు, కావున ఒక్కసారియైనను తప్పు చేయడు. తప్పు చేయని బాలుని వలన వాని జాతిజ్ఞానము ఎట్టిదో మనకు తెలియదు.

పాశ్చాత్యులు ఈ ప్రశ్నకు మిక్కిలి ఆలస్యముగా వచ్చిరి. 1960లో క్వైన్ అను అమెరికా తాత్త్వికుడు ఒక పరదేశపు భాషావేత్తను ఊహించెను. కుందేలు పరుగెత్తగా అచ్చటి మనుష్యుడు 'గవగాయి' అనెను. ఆ మాట కుందేలును చెప్పుచున్నదా, కుందేలు అవయవములను చెప్పుచున్నదా, ఆ క్షణమున కనబడిన దానినే చెప్పుచున్నదా అని నిర్ణయించుటకు ఆ చూపు చాలదని ఆయన వాదము. (మన నైయాయికుల గవయమునకును ఈ గవగాయికిని శబ్దసామ్యము తప్ప వేఱు సంబంధము లేదు, ఐనను రెండును తెలియని జంతువు పేరు తెలియు సందర్భములే యగుట వినోదకరము.) ఇక ఆవాపోద్వాపముల మాట. 2008లో లిండా స్మిత్, చెన్ యు అనువారు పండ్రెండు, పదునాలుగు నెలల శిశువులకు ఒక్కొక్కమారు రెండు వస్తువుల బొమ్మలు చూపుచు రెండు క్రొత్తమాటలు వినిపించిరి. ఏ మాట ఏ వస్తువుదో ఆ యొక్క సందర్భమున తేలదు. అనేక సందర్భములను కలిపి చూచినవారికే తేలును. శిశువులు తేల్చుకొనిరి. మన ప్రాచీనుల యూహ ఇంతవఱకు నిలిచినదనుటలో సందేహము లేదు.

జాతిజ్ఞానము పదమునకు పూర్వమే కొంత యుండుననుటకును ఆధారమున్నది. 1993లో క్విన్, ఐమాస్, రోజెన్‌క్రాంట్జ్ అనువారు మూడు నాలుగు నెలల శిశువులకు వరుసగా పిల్లుల చిత్రములు చూపి, పిమ్మట క్రొత్తపిల్లిని, కుక్కను ప్రక్కప్రక్కన నుంచిరి. శిశువుల చూపు కుక్కమీద నిలిచినది. అనగా తామెన్నడు చూడని ఆ పిల్లియు వారికి పాతదే, కుక్కయే క్రొత్తది. కాని ముందు కుక్కలను చూపి తరువాత పిల్లిని చూపినచో ఈ భేదము అంత స్పష్టముగా రాలేదు. కుక్కలలో రూపభేదము లెక్కువ. వాని సరిహద్దులో పిల్లియు ఇమిడిపోవుచున్నది. కావున ఆ మొదటి జాతి కంటికి కనబడు పోలికల కూర్పే తప్ప నైయాయికులు చెప్పిన నిత్యమైన గోత్వము వంటిది కాదు. చూచిన వ్యక్తులను బట్టి అది విరియును, ముడుచుకొనును.

పదము వచ్చినపిమ్మట ఏమగును? ఇచ్చట విగోట్‌స్కీ 1934లో వెలువడిన తన గ్రంథములో చెప్పిన మాట మాకు ముఖ్యముగా తోచుచున్నది. బాలుడును పెద్దవాడును ఒకే పదముతో ఒకే వస్తువును చూపవచ్చును. ఐనను ఆ వస్తువును వారు చేర్చిన వర్గము లొకటి కాకపోవచ్చును. ఆయన యుదాహరించిన శిశువు చెఱువులోని బాతును ఒక పేరుతో పిలిచెను. పిమ్మట నీటిని, సీసాలోని పాలను అదే పేరుతో పిలిచెను. గ్రద్ద బొమ్మగల నాణెమును, తుదకు గుండ్రని వస్తువులను అన్నిటిని ఆ పేరుతోనే పిలిచెను. ప్రతి మెట్టునందును ఏదో యొక పోలిక యున్నది, కాని మొదటి మెట్టునకు చివరి మెట్టునకు పోలిక లేదు. ఈ శిశువే మన దృష్టాంతములోని మధ్యమవృద్ధుడైనచో 'బాతును తెమ్ము' అనగానే బాతునే తెచ్చియుండును. చూచువారందఱును వీనికి బాతు తెలిసినదని సంతోషించియుందురు. ఆవును తెచ్చుట జాతిజ్ఞానమునకు సాక్ష్యము కాదు. చూడని వస్తువునకు ఆ పదమును తానై వాడుటయే సాక్ష్యము.

ఐతే బాలుని వాడుకను తప్పనుటకు ముందు పెద్దల వాడుకను చూడవలెను. నెరసిన తలగల ప్రతి పురుషుని 'తాత' యని పిలుచు శిశువును పరభాషా పరిశోధకుడు చూచినచో పదమును అతివ్యాప్తిగా వాడుచున్నాడని వ్రాసికొనును. తెలుగింట ఆ శిశువు చేసినది తప్పు కాదు. ఇంటికి వచ్చిన పెద్దాయనను చూపి 'తాతయ్యకు దణ్ణం పెట్టు' అని తల్లియే నేర్పినది. తండ్రి స్నేహితుడు మామయ్య, పొరుగింటావిడ అత్త లేదా పిన్ని. మన శిశువు నేర్చుకొనవలసినది ఈ పదములకు రెండు సరిహద్దులున్నవని, పిలుపునకు ఒకటి, చుట్టరికమునకు ఒకటి. పియాజే 1924లో అచ్చువేసిన గ్రంథములో సోదరులను గూర్చి పిల్లల నడిగెను. తనకు సోదరుడున్నాడని చెప్పిన బాలుడు ఆ సోదరునకు మాత్రము సోదరుడు లేడనెను. ఈ ప్రశ్నను తెలుగులోనికి యథాతథముగా తెచ్చుట సాధ్యము కాదు. 'నీకు అన్న ఉన్నాడా' అనినపిదప 'మీ అన్నకు తమ్ముడున్నాడా' అని పదమును మార్చి యడుగవలెను. సంబంధమునకు రెండు కొనలున్నవని భాషయే చెప్పుచున్నది. దీనివలన మన పిల్లలకు ఆ జ్ఞానము సులభమగునో, రెండు పదముల భారము వలన కఠినమగునో అడిగి చూడవలసిన విషయము.

శిశువుల మాటలలో 'బూచి' యనునది యొకటి గలదు. బువ్వను చూపవచ్చును, లాలను పోయవచ్చును, 'అంబా'ను దొడ్డిలో చూపవచ్చును. బూచిని మాత్రము ఎవరును చూపరు. ఒక వ్యక్తినైనను చూడకయే శిశువు దాని జాతిని గుర్తించును. చీకటిమూలను, ముసుగువేసినవానిని, గడ్డపుసన్యాసిని అందు చేర్చును. తెచ్చి చూపుట వలననే పదార్థము తెలియునను వాదమునకు ఇది చిన్న చిక్కే.

జాతిలో జాతిని చేర్చుట మఱియొక మెట్టు. కాకియు, పిచ్చుకయు పిట్టలు. పిట్టలును, పశువులును జంతువులు. ఎలినార్ రాష్ 1976లో తన సహచరులతో గూడి చేసిన పరిశోధనలో వస్తువునకు గల అనేక నామములలో నడిమి మెట్టు నామమునే పిల్లలు ముందు పట్టుకొందురని చూపినది. తెలుగున ఈ మెట్లకు ఒక భాషాచరిత్ర గూడ గలదు. నడిమి మెట్టున కుక్క, చెట్టు, పువ్వు, కత్తి వంటి ఇంటిమాటలున్నవి. పైమెట్టు కెక్కినకొలది జంతువు, ఆయుధము, వాహనము, వృక్షజాతి యని సంస్కృతము వచ్చి కూర్చుండును. కావున పైమెట్టు జాతి చాలమంది పిల్లలకు బడిలో, పుస్తకపు పదముతో గూడ వచ్చును. అంతమాత్రమున ఇంటిభాషకు ఆ శక్తి లేదనుకొనరాదు. అది వేఱొక దారిన పోవును: గొడ్డు గోద, చెట్టు చేమ, పురుగు పుట్ర, తట్ట బుట్ట. ఇద్దరిని ముగ్గురిని పేర్కొని తక్కినవారిని వెంటబెట్టుకొనివచ్చుట ఈ జంటపదముల పద్ధతి. ఇక 'పులి గిలి', 'పాలు గీలు' అనుచోట రెండవ మాటకు స్వతంత్రార్థమే లేదు. ఐనను పులియు దానివంటివియు నను వర్గము క్షణములో ఏర్పడినది. లక్షణము చెప్పి జాతిని నిర్వచించుట తార్కికుని మార్గము. ఒకదానిని పట్టుకొని 'ఇట్టివి' యనుట ఇంటిమార్గము. శిశువు మొదట నేర్చునది రెండవదియే యని మా నమ్మకము.

పియాజే పూసల పరీక్ష ఇచ్చట స్మరణీయము. 1941లో షెమిన్స్కాతో గూడి వ్రాసిన గ్రంథములో ఆయన పిల్లలకు కొయ్యపూసలు చూపెను. వానిలో గోధుమవన్నెవి అనేకము, తెల్లనివి రెండు. 'కొయ్యపూస లెక్కువా, గోధుమపూస లెక్కువా' అని యడుగగా ఏడేండ్ల లోపు వారు తఱచుగా గోధుమపూసలే యెక్కువ యనిరి. అంశమును అంశితో పోల్చు శక్తి వారికి లేదని సిద్ధాంతము. 1978లో మెక్‌గారిగిల్ ప్రభృతులు అదే ప్రశ్నను ఆవులతోనే అడిగిరి. నాలుగు బొమ్మయావులు, మూడు నల్లవి, ఒకటి తెల్లది. అన్నియు ప్రక్కకు ఒఱగి నిద్రించుచున్నవని చెప్పిరి. 'నల్లావు లెక్కువా, ఆవు లెక్కువా' అనినప్పుడు తప్పినవారిలో అనేకులు 'నల్లావు లెక్కువా, నిద్రపోయే యావు లెక్కువా' అనినప్పుడు సరిగా చెప్పిరి. సరియైన సమాధానములు దాదాపు రెట్టింపైనవి. లోపము శిశువు తర్కములో ఎంత, ప్రశ్న వేసిన వాక్యములో ఎంత? మార్క్‌మన్, సైబర్ట్ అనువారు 1976లోనే మఱియొకటి చూపిరి. జాతిపదము బదులు దండు, కుటుంబము వంటి సముదాయపదమును వాడినచో పిల్లలకు మొత్తమును భాగమును పోల్చుట సులువైనది. మన 'గొడ్డు గోద' జాతిపదమా, సముదాయపదమా? వైయాకరణులు దీనిని ద్వంద్వమని పేరుపెట్టి పోయిరి. పిల్లల నడిగినచో వేఱు సమాధానము రావచ్చును.

పోలికను మించిన జాతిజ్ఞానము ఎప్పుడు వచ్చును? నైయాయికులు ఉపమానమునకు చెప్పిన గవయోదాహరణమున పోలికయే పేరును నిర్ణయించును; గోవువలె నుండునది గవయమని అడవివాడు చెప్పగా విన్న గ్రామీణుడు దానిని చూచి గుర్తించును. గెల్మన్, మార్క్‌మన్ 1986లో నాలుగేండ్ల పిల్లలతో చేసిన పరీక్షలో దీనికి విపర్యయము కనబడినది. ఈ చేప నీటిలోనే ఊపిరి పీల్చును, ఈ డాల్ఫిను పైకి వచ్చి పీల్చునని చెప్పి, రూపమున డాల్ఫినును పోలిన సొరచేపను చూపి దానిని 'చేప' యనిరి. పిల్లలు పలువురు రూపమును కాదని పేరును నమ్మి, అదియు నీటిలోనే ఊపిరి పీల్చుననిరి. పోలిక పేరును ఇచ్చుటయే కాదు, పేరు పోలికను త్రోసివేయుటయు నాలుగేండ్లకే కలదన్నమాట.

తెలుగు శాఖలవారికి స్వంతమైన క్షేత్రము మహదమహద్విభాగము. 1858 నాటి బాలవ్యాకరణమున చిన్నయసూరి స్త్రీలను, తిర్యక్కులను, జడములను తెలుపు పదములను విడిచి తక్కినవాటిని మహత్తులనెను. స్త్రీవాచకములు బహువచనమున మహత్తులతో చేరుననియు చెప్పెను. గ్రంథనామములో బాలశబ్ద మున్నది గాని ఈ విభాగమును బాలుడెట్లు నేర్చునను విచారము అందులేదు, ఉండవలసిన పనియు లేదు. బడికి రాకముందే తెలుగు శిశువు 'నాన్న వచ్చాడు, అమ్మ వచ్చింది, కుక్క వచ్చింది' అనును. 'ఇద్దరు పిల్లలు, రెండు కుక్కలు' అనును. ఇది లోకసహజమైన జాతి కాదనుటకు పొరుగుభాషలే సాక్ష్యము. తమిళమున ఏకవచనమందును స్త్రీకి వేఱు రూపమున్నది. గోండియందు స్త్రీలు బహువచనమునగూడ జడములతోనే యుందురు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 2003 నాటి ద్రావిడభాషల గ్రంథములో ఈ మూడు విధములను విడదీసి, ఏకవచనమున ఒకచోట, బహువచనమున వేఱొకచోట స్త్రీని చేర్చు తెలుగు పద్ధతిని కుడుఖు, మాల్తోల పద్ధతితో జతపఱచిరి. కావున కంటితో చూచి నేర్వదగినది కాదిది, విని నేర్వవలసినది. స్త్రీకిని అచేతనమునకును ఒకే క్రియారూపము చెప్పుట అవమానమని పెద్దలు తర్కింతురు. అమ్మను అట్లు చెప్పు శిశువునకు ఆ భావమేదియు లేదు. మహత్తను పేరు వైయాకరణు లిచ్చినది, వాని నోటిలోనిది కాదు.

ఈ విభాగము వస్తువునకు గాక పదమునకు చెందినదని శిశువునకు తెలియుట మాకు ఆశ్చర్యకరముగా నున్నది. ఆకాశమున నున్నది ఒక్కటే. ఐనను 'చంద్రుడు వచ్చాడు', 'జాబిల్లి వచ్చింది'. ఊయలలో నున్నవాడు ఒక్కడే. ఐనను 'బిడ్డ ఏడుస్తోంది', 'బాబు ఏడుస్తున్నాడు'. కథలో 'నక్క' వచ్చినది, మఱునిమిషమున 'నక్కబావ' వచ్చినాడు. చుట్టరికము కలుపగానే తిర్యక్కు మహత్తైనది. కరటకదమనకులు నక్కలే యైనను తెలుగున డుప్రత్యయముతో నడచుచున్నారు. బొమ్మ పడిపోవును, దానికి రాముడని పేరుపెట్టినచో పడిపోయినాడు. దీనిపై గౌరవ మొకటి వచ్చి చేరును: ఆవిడ వచ్చింది, ఆవిడ వచ్చారు. ఇక బడిలో గ్రాంథికవాక్యము చదువగానే ఇంటిలోని భేదములు కొన్ని చెరిగిపోవును. వాడు వచ్చెను, ఆమె వచ్చెను, ఆవులు వచ్చెను. ఇన్ని మార్పులకు తట్టుకొని నిలిచిన జ్ఞానము గల బాలుని ముందు ఉపాధ్యాయుడు నిలిచి 'మహద్వాచక మనగా నేమి' అని యడుగును. బాలుడు నీళ్లు నమలును. వానికి సున్న పడును. నిర్వచనము రానివానికి వర్గము రాదనుట, ఆవును తెచ్చినవానికి జాతి వచ్చినదనుట వంటి తప్పే.

ఈ జ్ఞానము పదాంతమును బట్టి వచ్చునా, అర్థమును బట్టి వచ్చునా? ఫ్రెంచి పిల్లలు కల్పితపదములకు లింగమును నిర్ణయించునపుడు బొమ్మలోని స్త్రీపురుషభేదముకంటె పదాంతధ్వనినే ఎక్కువగా నమ్ముదురని కార్మిలోఫ్-స్మిత్ 1979లో చూపినది. తెలుగున డువర్ణాంతము బలమైన గుర్తే. కాని చప్పుడు, వేపుడు, జెముడు కూడ డువర్ణాంతములే. వీనిని 'వచ్చాడు' అనువారు లేరు. 1958లో జీన్ బెర్కో చేసినట్లు లేనిపదమును కల్పించి అడుగవచ్చును. ఎన్నడు చూడని జంతువు బొమ్మ వ్రాసి దానికి 'తిముడు' అని పేరుపెట్టుదము. ఇచ్చట మన భాష యొక చిక్కు తెచ్చును. ఆంగ్లమున బెర్కో తేలికగా అడిగినది. తెలుగున 'ఇది తిముడు' అన్నను, 'ఇతడు తిముడు' అన్నను ప్రశ్నలోనే సమాధానము బయటపడును. 'ఎందరు' అనరాదు, 'ఎన్ని' యనరాదు. 'చూడు, తిముడు! ఇంకో తిముడు!' అని క్రియలేని మాటలతో బొమ్మలు వరుసగా చూపి, 'తరువాత ఏమైంది' అని మాత్రమే యడిగి, కథను పిల్లవానినే చెప్పనీయవలెను. వాడు 'ఇద్దరు' అనునో, 'రెండు' అనునో, 'వచ్చారు' అనునో, 'వచ్చాయి' అనునో వ్రాసికొనవలెను. 'తిములు', 'తిముళ్లు' అను బహువచనరూపములను మాత్రము సాక్ష్యముగా గ్రహింపరాదు. చప్పుళ్లతో పాటు దేవుళ్లు, అల్లుళ్లు గూడ వాడుకలో నున్నారు.